మసి కాల్చే పొడి

ఆ ఉదయం శశికళ అనుకున్న పనులు రెండే. బోనాలనాడు కట్టెల పొయ్యి మీద వండితే అడుగంతా మసి పట్టిన స్టీలు తపేలా తోమాలి, తొమ్మిదింటికల్లా కూతురు అక్షితను పనికి పంపాలి. నాంపల్లిలో డీజిల్ జనరేటర్లకు పొగ ఫిల్టర్లు చేసే చిన్న కంపెనీలో అక్షిత ఉద్యోగం. ఆ ఫిల్టర్లలో చేరే మసిని కాల్చేందుకు తను తయారుచేసిన పొడిని ఆ రోజు ఆబిడ్స్‌లో పెద్ద జనరేటర్‌తో బట్టల దుకాణం నడిపే కిషన్ సేటుకు చూపించాలి. ఆయన వద్దంటే రెండేళ్ల కష్టం మూలన పడుతుంది.

"ఇది ఆక్సిజన్‌ను లోపల దాచుకుంటదమ్మా. వేడి తగిలితే మసికి ఇస్తది. మసి జల్ది కాలిపోతది" అని అక్షిత నిన్ననే చెప్పింది. శశికళకు ఆఖరి ముక్క చాలు. గట్టు మీద అక్షిత తెచ్చిపెట్టిన డబ్బాలోంచి లేత పసుపు పొడి తీసి, తడిపి, తపేలా అడుగున పూసింది. సగానికే అయిపోయింది. వేడి తగలాలంది కదా అని ఖాళీ తపేలాను పెద్ద మంట మీద పెట్టింది.

"అమ్మా, ఆ డబ్బా నా బ్యాగుల పెట్టు. ప్రేమ్‌రాజ్ సార్ వాళ్ల ఇంటిది" అంది అక్షిత జడ వేసుకుంటూ. ప్రేమ్‌రాజ్ ఆమె కంపెనీ యజమాని.

ఒకరింటి డబ్బాను ఖాళీగా పంపడం శశికళ పుట్టింట్లోనూ లేదు, మెట్టినింట్లోనూ లేదు. నిండా శనగపిండి పోసి మూత బిగించింది.

పదకొండింటికి ఫోన్ మోగింది.

"డబ్బాల ఏం పోసినవమ్మా?"

"శనగపిండి. బేగం బజార్‌ది, మంచిదే."

"సేటు ముందర దాన్ని మసిల కలిపి వేడి చేసిన. మసి గట్లనే ఉంది. దుకాణమంత బజ్జీల వాసన. గిరాకీలు ప్లేటెంత అని అడుగుతున్రు. సేటు పొమ్మంటున్నడు. నా పొడేది?"

శశికళ తపేలా తిప్పి, బట్టతో తుడిచి చూసింది. అడుగు సగం తళతళా, సగం నల్లగా ఉంది.

"సేటును జర కూసోబెట్టు. వస్తున్న."

సుల్తాన్ బజార్‌లోని ఇంటి నుంచి ఆటోలో దుకాణానికి వచ్చి తపేలాను పట్టుచీరల మధ్య బోర్లించింది. కిషన్ సేటు వంగి చూశాడు.

"ఈ సగం పీచుతోని తోమినవా అక్కా?"

"తోమేదాన్నైతే ఇంకో సగం వదుల్తనా సేటు? సగం తోమిన గిన్నె ఏ ఆడదన్న పదిమందికి చూపిస్తదా?"

సేటు భార్య వనిత గల్లాపెట్టె దగ్గర నుంచే ఔనన్నట్టు తలూపింది. అంతకన్నా పెద్ద పరీక్ష సేటుకు తెలియదు. "మా జనరేటర్‌కు పెట్టున్రి" అన్నాడు.

వాసన బాగుందని మిగిలిన పిండి తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఖాళీ డబ్బా మేం గూడ ఇయ్యమక్కా" అంటూ, రేపటి పరీక్షకు పనికొస్తుందని జనరేటర్ గొట్టంలోని మసి గీకి నింపి అక్షితతో వచ్చిన ప్రేమ్‌రాజ్ చేతికిచ్చాడు.

శనగపిండి వస్తోందని ప్రేమ్‌రాజ్ అప్పటికే ఇంటికి ఫోన్ చేసి ఉన్నాడు. మళ్లీ చేయడం మరిచాడు. సాయంత్రం ఆయన భార్య బెత్సీ, నూనె కాగాక డబ్బా మూత తీసింది.