జబ్బు పుట్టిల్లు కనిపెట్టకుండా పైకి రావడం ఎలా?

అంటురోగాల శాఖలో పైకి రావాలంటే చేయవలసింది ఒక్కటే. రోగం ఎక్కడి నుంచి వస్తోందో పొరపాటున కూడా కనిపెట్టకూడదు!

నవ్వకండి, మీ మేలు కోరే చెబుతున్నాను. పరీక్ష ప్యాసై, ఖాకీ నిక్కరు కుట్టించుకుని, సైకిలెక్కి పల్లెల మీద పడబోతున్న యువకులారా! కలరా కనిపిస్తే గాలి మీద వేయండి. మలేరియా అయితే వానల మీద వేయండి. వానలే లేని సీమలో మలేరియా ఎలా వచ్చిందని పైవాళ్ళు అడుగుతారా? అడగరు. వాళ్ళూ అలా పైకి వచ్చినవాళ్ళే కదా!

అనుమానముంటే మన హెల్త్ ఇన్‌స్పెక్టర్ మహానంది సంగతి వినండి.

బనగానపల్లెకు ఆవల ఒక ఊరంతా నారికురుపు పాకింది. ఎరగనివారికి చెబుతాను. కాలి మీద పొక్కు లేస్తుంది. అది పగిలి తెల్లదారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకింత లాగాలి. తెగిందా, కాలు వాచిపోతుంది! సరిగ్గా వేరుశనగ పీకే రోజుల్లో సగం ఊరు మంచం పట్టింది.

మహానందికి చదువు వంటబట్టింది, పాపం. తిన్నగా దిగుడుబావి దగ్గరికి నడిచాడు. జనం పొక్కుల కాళ్ళతో మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుతున్నారు. పొక్కులోంచి పురుగు పిల్లలు నీళ్ళలోకి, నీళ్ళతో కడుపులోకి, ఏడాది తిరిగేసరికి మళ్ళీ కాలిలోకి. ఇంకెక్కడో వెతకాల్సిన పనే లేదు.

బావి ఊరిపెద్ద సుంకిరెడ్డిది. ఆయన చర్చి పక్క గుడిసెల వైపు చెయ్యి చూపించి, "అంతా వాళ్ళ వల్లనే ఇనస్పెట్రూ! శుభ్రమనేదే లేదప్పా ఆడ," అన్నాడు.

ఆ గుడిసెల వాళ్ళు బావి గట్టు మీదే ఉన్నారు, ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని కుండలు పట్టుకుని. వాళ్ళలో కాలికి గుడ్డ చుట్టుకున్న జీవమ్మ ఉండబట్టలేకపోయింది.

"మేం యాడ దిగినాం సామీ? మమ్మల్ని ఒక్క మెట్టు దిగనిస్తే గదా! పోసింది తాగుతాండాం. ఈ పాడు రోగం యాడ నుంచి వస్తాందో నువ్వన్నా చెప్పు. కాలు లేస్తే గదా కూలికి పోయేది. పిల్లోల్లు పస్తుండారు."

మహానందికి లెక్క తేలిపోయింది. దిగనివాళ్ళ కాళ్ళు నీళ్ళను పాడుచేయవు. పాడుచేసేవి దిగేవాళ్ళ కాళ్ళే. రోజూ పొద్దున అందరికంటే ముందు దిగి కాళ్ళు కడుక్కునేది రెడ్డిగారు! ఆయన పంచె కింద కట్టు కనబడుతూనే ఉంది.

"మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక బిగిస్తే సరిపోతాది," అన్నాడు మెల్లగా.

"గిలక పెడితే ప్రతోడూ వచ్చి చేదుకుంటాడు!" రెడ్డి మొహం మాడింది. అంతలోనే నవ్వాడు. "అవునప్పా, కర్నూలుకు బదిలీ కావాలంటివే? మనోళ్ళు ఉండార్లే ఆడ."

కర్నూలు! అప్పుడప్పుడే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు! ఆఫీసులు డేరాల్లో ఉంటేనేం, రాజధాని రాజధానే. పైగా అత్తగారిల్లు కూడా అక్కడే.

మహానంది గొంతు సవరించుకున్నాడు. రోగానికి కారణం వాతావరణమని తేల్చేశాడు. ఊరందరి ఎదుట చెంబెడు బావినీళ్ళు గటగటా తాగి "అమృతం!" అన్నాడు. జీవమ్మ అతన్ని ఎగాదిగా చూసి తల తిప్పుకుంది.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. డేరాలో కుర్చీ, కుర్చీకి మెత్త, చుట్టూ పాఠాలు నేర్చుకునే కుర్రాళ్ళు! ఉద్యోగమంటే అదీ. ఏడాది దర్జాగా గడిచింది.

ఆ తర్వాత చీలమండ దగ్గర దురద మొదలైంది. పొక్కు లేచింది, పగిలింది. తెల్లదారం తల బయటపెట్టింది. పోయినేడు ఎక్కడ నీళ్ళు తాగావయ్యా అని డాక్టరు అడిగితే, అమృతమే తాగానని ఎలా చెబుతాడు?

ఆ బావి ఇంకా అలాగే ఉందేమో చూద్దామని కాలికి పుల్ల కట్టుకుని, బస్సెక్కి, కుంటుకుంటూ ఆ ఊరికే పోయాడు. ఎండకు నాలుక పిడచకట్టింది. దాహంలో అన్నీ మరిచి బావి మెట్టు మీద కాలు పెట్టబోతే రెడ్డి కేకేశాడు.

"ఆగప్పా! పుండు కాలితో మా బాయిలో దిగుతావా? నీళ్ళు చెడిపోవూ? ఆడ నిలబడు, నేను పోస్తా!"

మహానంది గట్టు మీద జీవమ్మ పక్కన దోసిలి పట్టి నిలబడ్డాడు. రెడ్డిగారు మర్యాదస్తుడు. తన కట్టుకాలితోనే నీళ్ళలోకి దిగి, చెంబు ముంచుకొచ్చి పోశాడు.

"తాగప్పా. అమృతమంటివి గదా!"

మహానంది దోసిలి విడిచేశాడు. నీళ్ళు నేలపాలయ్యాయి.

"ఈ ఊరి రోగం మీ కాళ్ళతోనే వస్తాంది రెడ్డిగారూ. పోయినేడే తెలుసు నాకు. తెలిసే అబద్ధం చెప్పినా," అన్నాడు. ఆ మాట రెడ్డితో అన్నా, చూసింది మాత్రం జీవమ్మ వైపే.

ఇంకేముంది! రెడ్డిగారి మనోళ్ళు ఊరుకుంటారా? బంగారం లాంటి కుర్చీ ఉద్యోగం మట్టిపాలు చేసుకున్నాడు. ఇప్పుడు రాయచోటి అవతల రాళ్ళదారుల్లో సైకిలు తొక్కుతున్నాడు.

యువకులారా, ఎక్కడ దెబ్బతిన్నాడో గమనించారా? అబద్ధం చెప్పడంలో కాదు, అది చక్కగానే చెప్పాడు. మంచివన్న నీళ్ళు తానే తాగాడు, తెలివితక్కువ మనిషి! ఆ ఊరికి వచ్చిన కొత్త ఇన్‌స్పెక్టర్ చాలా పైకి వస్తాడు. ఆ బావి నీళ్ళు భేషని సర్టిఫికెట్ ఇచ్చాడు. తాగడానికి మాత్రం ఇంటి నుంచి మరచెంబు తెచ్చుకుంటాడు.