నాలుగేనుగుల రాదారి

ఒక పెద్ద అడవిలో దారులకేం తక్కువ లేదు, వాటికి హోదాలే లేవు. ఏది పెద్దదో ఏది చిన్నదో నడిచే కాళ్లకు తెలుసు గానీ, సింహంగారి కొలువుకు తెలియదు. కొలువుకు తెలియకపోతే పాలన ఎలా సాగుతుంది చెప్పండి?

అందుకని అడవికి పటం గీయించాలన్నారు. పటాల అధికారిగా ముళ్లపంది కంటకరావును వేశారు. చదువు చూసి కాదు లెండి. వీపు నిండా కలాలున్నాయి కదా, కొనే పని తప్పుతుందని.

రూలు మాత్రం తేటగా పెట్టారు. నాలుగు ఏనుగులు పక్కపక్కన నడవగలిగితే రాదారి, దానికి మందపాటి ఎర్రగీత. రెండే పడితే పసుపు గీత. కుందేలు మాత్రమే దూరగలిగితే కాలిబాట, దానికి చుక్కల గీత.

దారులు కొలవాలంటే తిరగాలి. కంటకరావు గడప దాటలేదు. "బయట ఎండ మండిపోతోందే. దారులే నా దగ్గరికొస్తాయి, చూస్తూ ఉండు" అన్నాడు భార్య సూదమ్మతో.

నిజంగానే వచ్చాయి. ముందుగా ఎలుగుబంటి తేనెపట్టు పట్టుకుని వచ్చింది.

"కంటకరావుగారూ, మా గుహ ముందు దారి చూశారా?"

"చూడలేదు."

"చూడకపోవడమే మంచిది. ఎర్రగీత వేసేయండి. చుక్కల గీత ఇంటికి పిల్లనిచ్చేది లేదంటున్నారు, మావాడు ముదిరిపోతున్నాడు."

తేనె బాగుంది. ఎర్రగీత పడింది. తర్వాత నెమలికి పడింది, అడవిపంది బురదగుంట దారికీ పడింది.

ఇక సూదమ్మ ఊరుకుంటుందా? "అడ్డమైనవాళ్లకీ రాదారులు, మన బొరియ ముందు చుక్కలా? నేను నలుగురిలో తలెత్తుకు తిరగొద్దూ?"

"దానికేం భాగ్యం!" అని కంటకరావు సొంత దారికి అందరికంటే లావుగా గీత లాగాడు. ఆ దారిలో మొగుడూ పెళ్లాలిద్దరూ కూడా ఒకరి వెనక ఒకరే నడవాలి.

సింహం పటం చూసి మురిసిపోయింది. "అన్నిట్లోకీ లావుపాటి గీత ఎక్కడిదయ్యా?"

"చిత్తం, ఈ దాసుడి ఇంటి ముందుదే మహారాజా."

"అయితే రేపు మా ఊరేగింపు దాని మీదే. రూలు ప్రకారం నాలుగేనుగుల వరసతో!"



తెల్లారింది. ఏనుగులు పొదల ముందుకొచ్చి ఆగిపోయాయి. పెద్దేనుగు పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇక్కడ రాదారి ఉండాలి. నాకు ముళ్లపొదలూ ఒక బొరియా కనిపిస్తున్నాయేమిటి?"

సింహం కంటకరావు వైపు తిరిగింది. "రాదారేనా? కాదంటే చెప్పు, వేరే దారిన పోతాం. పటం గీసినవాడి ఉద్యోగం సంగతి తర్వాత చూస్తాం."

బొరియ గుమ్మంలో పిల్లల్ని పట్టుకుని సూదమ్మ నిలబడి ఉంది. "కాలిబాట అని చెప్పేయండి! కొంప కూలిపోతుందండీ!"

అవునంటే ఇల్లు పోతుంది, కాదంటే ఉద్యోగం పోతుంది. అత్తగారు దగ్గరుండి తవ్వించిన ఇల్లు, పాపం. కానీ తేనెపట్లు వచ్చేది ఇల్లు చూసి కాదుగా!

"రాదారే మహారాజా! మొక్కలు కాస్త పెరిగాయంతే" అన్నాడు.

సూదమ్మ పిల్లల్ని లాక్కుని పక్కకు దూకింది. ఏనుగులు కదిలాయి. పొదలు పోయాయి, బొరియ పోయింది. కంటకరావు కళ్లు గట్టిగా మూసుకుని ఏడుపు దిగమింగుకున్నాడు.

ఊరేగింపు దాటాక సింహం వెనక్కి చూసింది. నాలుగేనుగుల వెడల్పున, చాప పరిచినట్టు దారి!

"భేష్! పటానికీ నేలకీ ఇసుమంత తేడా లేదు. అధికారి అంటే ఇలా ఉండాలి!" అని అక్కడికక్కడే ప్రమోషన్ ఇచ్చేసింది. "మిగతా ఎర్రగీతలు కూడా వరసగా చూసొద్దాం పదండి" అంది. ఆ మాట వినగానే, ఊరేగింపు చూడ్డానికొచ్చిన ఎలుగుబంటి తన గుహకేసి ఒకటే పరుగు.

"మరి మనం ఎక్కడ పడుకోవాలి?" అంది సూదమ్మ.

"రాదారి పక్కన" అన్నాడు కంటకరావు, అంత దుఃఖంలోనూ కాస్త గొప్పగానే.

నీతి: పటం తప్పయితే దిద్దనక్కర్లేదు; ఏనుగులు చేతిలో ఉంటే నేలే దిద్దుకుంటుంది.