అరిత్ కొట్టిన ఎలుక

ఆ ఉదయం అరిత్ అనుకున్నది చాలా చిన్న సంగతి. వేళకు బారిస్టర్ ఆర్చిబాంగ్ ఆఫీసుకు చేరాలి, అడిగినవాటికి తడబడకుండా జవాబు చెప్పాలి, ఉద్యోగంతో ఇంటికి రావాలి. లాయరుగా పేరు నమోదై వర్షాకాలం సగం గడిచిపోయినా, కాలబార్ ఊళ్లో ఒక్కరూ ఆమెను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. "అనుభవం ఉందా?" అని అడిగేవారే అందరూ. అది ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"గౌనూ విగ్గూ కూడా పట్టుకెళ్లు," అంది తల్లి, ఉడికించిన పెండలం ముక్కలు పళ్లెంలో వేస్తూ.

"ఇంటర్వ్యూకి ఎందుకమ్మా? నవ్విపోతారు."

"నవ్వితే నవ్వనీ. ఇంట్లో దాచి బొద్దింకలకి తొడుగుతావా?"

ఆర్చిబాంగ్ పేరు చెబితే ఆ ఊరి లాయర్లకు హడలు. ఆయన లేచి గొంతు సవరించుకుంటేనే ఎదుటి పక్షం రాజీకి వస్తుందని చెప్పుకునేవారు. గొంతుకన్నా పేరున్నది ఆయన విగ్గుకు. కోర్టులో లాయర్లు పెట్టుకునే ఆ గుర్రపువెంట్రుకల విగ్గు ఎంత పాతబడి రంగు మారితే ఆ తలలో అంత అనుభవం ఉన్నట్టు లెక్క. ఆయనది నలభై ఏళ్లదట, ఎండుటాకు రంగుకు తిరిగింది. చదువుకునే రోజుల్లో అరిత్ కోర్టులో వెనకబెంచీ మీద కూర్చుని, దూరంనుంచే దానికేసి నోరు తెరుచుకుని చూసేది. ఆమె విగ్గు మాత్రం కొత్త సున్నం కొట్టిన గోడలా తెల్లగా మెరుస్తుండేది.

కేకే ఆటో దిగి, వానలో తడుస్తూ ఆఫీసు మెట్లెక్కేసరికి లోపల కరెంటు లేదు. పక్కగదిలో ఆయన ఎవరిమీదో ఫోనులో ఉరుముతున్నాడు. కూర్చుందామని కుర్చీ లాగింది. దానిమీద ముడుచుకుని పడుకుని ఉంది, పిల్లి అంత ఎలుక.

అరిత్ అరవలేదు. అరిస్తే ఉద్యోగం పోతుంది. గొడుగెత్తి గట్టిగా ఒక్క దెబ్బ వేసింది. అది కదల్లేదు. అంత మహానుభావుడి ఆఫీసులో చచ్చిన ఎలుక ఉండకూడదనుకుని, గొడుగు కొసతో ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరేసింది. కింద మురుగుకాలువ వాననీటితో పొంగి పరుగెడుతోంది. అందులో తేలుతూ పోతున్న దానికి రెండు తోకలు కనబడ్డాయి.

ఎలుకకు ఒకటే ఉండాలి.

లాయరు విగ్గుకు వెనక వేలాడే పిలకలు మాత్రం రెండు.

అరిత్ కిటికీలోంచి వంగి గొడుగు చాచింది, అందలేదు. అప్పుడే పక్కగది తలుపు తెరుచుకుంది.

"ఉద్యోగానికొచ్చిన పిల్లవి నువ్వేనా? గౌనుందా? విగ్గుందా? మంచిది, పద! కోర్టుకి ఆలస్యమైపోయింది. నా విగ్గేదీ?"

"అయ్యా, అది..."

"కార్లో ఉండుంటుందిలే, పద!"

అది కార్లో లేదు. దారిలో ఆయన అరిత్ విగ్గు పెట్టుకుని చూశాడు. ఆ పెద్ద తలమీద అది గుమ్మడికాయ మీద పెట్టిన టీకప్పులా కూర్చుంది. తీసి ఆమె చేతిలో పెట్టేశాడు. నిజం చెబుదామని అరిత్ మూడుసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ ఆయన కేసు వివరాలు చెబుతూనే ఉన్నాడు.

కేసు అటిమ్‌ది; ఆ ఊళ్లో 'మా' అంటే అమ్మ, అందరూ ఆమెను మా అటిమ్ అనే పిలిచేవారు. ఆమె చేపలు పొగబెట్టి అమ్ముకుని బతికే విధవరాలు. ఆ కొట్టే ఆమె బతుకు. కొట్టు పక్కింట్లోనే ఉండే దాని యజమాని, ఊరి పెద్ద చీఫ్ ఎడెట్, ఆమె దాన్ని ఏడాది కిందటే వదిలేసి పోయిందని, తాళం పడి ఉందని, తనకు అప్పగించాలని దావా వేశాడు. ఇవాళ బోనెక్కే చీఫ్‌ని ప్రశ్నలడిగే వంతు ఆర్చిబాంగ్‌ది.

వాళ్లు లోపలికి అడుగుపెడుతుండగానే కేసు పిలిచారు. ఆర్చిబాంగ్ లేచి గొంతు సవరించుకున్నాడు. న్యాయమూర్తి కళ్లద్దాల మీదుగా అటు చూసింది.

"ఎవరిదో గొంతు వినబడుతోంది. మనిషి మాత్రం కనబడటం లేదు. విగ్గు లేని లాయరు ఈ కోర్టుకి కనబడడు."

ఆయన కూలబడి అరిత్‌ను మోచేత్తో పొడిచాడు. "లే! నే చెప్పింది చెప్పినట్టు అను."

అరిత్ లేచింది. ముందు జడ్జి, చుట్టూ గౌన్లు, వెనక జనం. ఇన్నాళ్లూ వెనకబెంచీనుంచి చూసిన లోకం నడిమధ్యన నిలబడి ఉంది తను. కిందినుంచి వచ్చే గుసగుస ఆమె నోట్లోంచి చట్టమై బయటికి వస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఆయన ఒక్క మాట వృథాగా అనడు. ప్రతి మాటా మేకు దించినట్టు దిగుతోంది.

అంతలో ఎదుటి లాయరు అడ్డం తగిలాడు.

"వీడొకడు, పుస్తకాల అట్టలు తప్ప లోపల చదవలేదు," అని గొణిగాడు ఆర్చిబాంగ్.

"నా మిత్రులు పుస్తకాల అట్టలు తప్ప లోపల చదవలేదు, మై లార్డ్," అంది అరిత్ గట్టిగా.

కోర్టు గొల్లుమంది.

"అయ్యో, ఇది చెప్పకు!"

"అయ్యో, ఇది చెప్పకు, మై లార్డ్!"

"ఏది చెప్పకూడదూ?" అంది న్యాయమూర్తి. తర్వాత అరిత్ పక్కనున్న ఖాళీకేసి చూస్తూ, "కనబడని మనిషి ఇకమీదట వినబడటానికి కూడా వీల్లేదు," అంది.

ఆర్చిబాంగ్ నోటిమీద చేయి వేసుకున్నాడు. అరిత్ ఒంటరిదైపోయింది. ఏమడగాలో తోచలేదు. మా అటిమ్ చేతులు ఒళ్లో బిగించుకుని ఆమెనే చూస్తోంది. ఆ చేతులు పొగకు నల్లబడి ఉన్నాయి. అరిత్‌కు దుఃఖం పొర్లుకొచ్చింది.

"అయ్యా చీఫ్‌గారూ," అంది, లాయరులా కాదు, పక్కింటి పిల్లలా. "ఆవిడంటే మీకెందుకండీ అంత కోపం?"

"కోపం రాదూ?" చీఫ్ భగ్గుమన్నాడు. "రోజూ తెల్లారేసరికి ఆ కొట్లోంచి ఒకటే పొగ! ఇవాళ పొద్దున కూడా కళ్లు మండిపోయాయి. నా ఇంట్లో నేను ఊపిరి పీల్చుకోవద్దూ?"

న్యాయమూర్తి రాస్తున్న కలం ఆగింది. ఎదుటి లాయరు కళ్లు మూసుకున్నాడు. ఏం జరిగిందో అందరికన్నా ఆఖరున అర్థమైంది అరిత్‌కే. "ఏడాదిగా తాళం పడి ఉన్న కొట్లోంచేనా అండీ?" అంది సన్నగా.

దావా కొట్టేశారు. బయట మా అటిమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఎంతకీ వదల్లేదు. తన నోటిమాటతో ఒక మనిషి పొయ్యి ఆరకుండా నిలబడిందంటే అరిత్‌కు నమ్మశక్యం కాలేదు. ఆ ఆనందంలో అబద్ధం ఇమడలేదు.

"అయ్యా, మీ విగ్గు... ఎలుకనుకుని నేనే కొట్టి కాలువలో పారేశాను. మీ నలభై ఏళ్ల అనుభవం..."

ఆర్చిబాంగ్ చుట్టూ చూసి, కోర్టంతా వినబడే ఆ గొంతును బాగా తగ్గించాడు.

"నలభై ఏళ్లా? అసలుది ఎప్పుడో చెదలు తినేశాయి. ఇది నిరుడు కొన్నదే. టీలో నానబెట్టి ఎండేశాను. ఎవరికైనా చెప్పావో, చూసుకో!"

సోమవారం అరిత్ ఉద్యోగంలో చేరింది. మొదటి పనిగా పెద్ద గిన్నెలో టీ కాచింది. చీమలు పడతాయి గనుక, పంచదార మాత్రం వేయనివ్వలేదు బారిస్టర్‌గారు.