జానెడు తక్కువైన బాణం

ఆ ఉదయం ఫిజిక్స్ టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మూడు బాణాలు సంచిలో పెట్టుకోవాలి, ఎనిమిదిన్నరకి స్కూల్లో ఉండాలి, పదకొండింటికి కమిటీ ముందు నలభై నిమిషాల పాఠం చెప్పాలి. నాలుగేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ప్రతి వేసవికీ ఊడుతుంది, సెలవులయ్యాక మళ్లీ అతుక్కుంటుంది. ఈ పాఠం కమిటీకి నచ్చితే ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే వచ్చే ఏడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

పాఠం వెక్టర్లు. తిన్నగా నాలుగు మీటర్లు నడిచి, పక్కకి తిరిగి మూడు మీటర్లు నడిస్తే, నడక ఏడు మీటర్లే కానీ బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య దూరం ఐదే. దిక్కున్న వాటిని మామూలు అంకెల్లా కూడితే కుదరదు. ఈ సంగతి పిల్లలకి బోర్డు మీద కాకుండా నేల మీద చూపించాలని ఆమె కోరిక. అందుకని గుడ్డ బాణాలు అనుకుంది. ఇంట్లో ఆ పనికి అత్తగారున్నారు.

అత్తగారిది నలభై ఏళ్ల దర్జీ పని. కిటికీ పక్కన మిషను, మిషను కింద దారప్పోగులు, మెడలో ఎప్పుడూ కొలత టేపు. కోడలు చీటీ మీద నాలుగు, మూడు, ఐదు అని రాసిచ్చినప్పుడు ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, నాలుగూ మూడూ ఏడు కదా, ఐదెక్కణ్ణించి వచ్చిందని అడిగారు. కోడలు ఒక గుడ్డముక్కని మూల నుంచి మూలకి మడిచి చూపించింది. ఆవిడ ఒక్క క్షణం చూసి, "ఓస్, అడ్డకోతా? ముందే ఆ మాట చెప్పొచ్చుగా" అన్నారు. పిల్లలకి రెండు రోజులు పట్టే విషయం అరనిమిషంలో అయిపోయింది.

కర్టెన్లలో మిగిలిన ఎర్రగుడ్డతో నాలుగు మీటర్లది, యూనిఫారాల నీలంతో మూడు మీటర్లది, సంచుల లోపల వేసే పసుపుపచ్చ గుడ్డతో ఐదు మీటర్లది తయారయ్యాయి. అంచులు మడిచి, ఇస్త్రీ చేసి, చీరల్లా మడతపెట్టి ఇచ్చారు. ఒకసారి కొలిచి చూద్దామని టీచర్‌కి అనిపించింది. కానీ టేపు అత్తగారి మెడలో ఉంది. అది అడగడమంటే ఆవిడ చేతి మీద అనుమానం ఉందని చెప్పడమే. ప్రయోగశాలలో దేన్నీ కొలవకుండా నమ్మొద్దని ఏడాది పొడుగునా పిల్లలకి చెప్పే మనిషి, ఇంట్లో నోరు మూసుకుని సంచి పట్టుకుని బయల్దేరింది.

తొమ్మిదింటికి హాల్లో పదకొండో తరగతి పిల్లలతో ఒకసారి సరిచూసుకుంది. ఎర్ర బాణం ఒక గోడ వెంట, దాని మొన దగ్గర నుంచి నీలం బాణం రెండో గోడ వెంట. ఎర్రదాని తోక నుంచి పసుపుపచ్చది ఐమూలగా సాగి నీలం మొనని తాకాలి. తాకలేదు. జానెడు దూరంలో ఆగిపోయింది. లాగి పట్టారు, ముడతలు తీశారు, చెప్పులు విప్పి చివర్ల మీద పెట్టారు. జానెడు అలాగే ఉంది.

అత్తగారి కొలత తప్పదు. అది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సత్యం. కాబట్టి తప్పు గోడలదై ఉండాలి. మూల సరిగ్గా తొంభై డిగ్రీలు లేకుండా కాస్త వెడల్పుగా ఉంటే ఐమూల దూరం పెరుగుతుంది. ఆమె కిటికీ తలుపు బాగుచేస్తున్న వడ్రంగిని పిలిచి, మూలమట్టం పెట్టి గోడ చూడమంది. అతను జానెడు మూలమట్టాన్ని అంత గోడకి ఆనించి చూసి, ఇది చెక్కలకి పనికొస్తుంది కానీ గోడలకి చాలదని, మేస్త్రీని అడగాలని ఆఫీసుకి వెళ్లాడు.

ఈలోగా ఆమె ఇంటికి ఫోన్ చేసి, ఇస్త్రీ వేడికి గుడ్డ ఏమైనా కుంచించుకుపోతుందా అని అతి వినయంగా అడిగింది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

ఆఫీసులో వడ్రంగి చెప్పిందల్లా, హాలు మూలలో తేడా ఉందేమోనని మేడమ్‌కి అనుమానం అని. గుమాస్తా ప్రిన్సిపల్ గదిలోకి వెళ్లేసరికి అనుమానం రాలిపోయింది, గోడ పక్కకి జరిగిందట అయింది. ఫిజిక్స్ టీచరే లెక్కకట్టి చెప్పిందని తోడయ్యాక ఇక ఆయనకి సందేహం మిగల్లేదు. ఆగకుండా గంట కొట్టించారు. పది నిమిషాల్లో మూడొందల మంది పిల్లలు, ముప్ఫై బెంచీలు, రెండు బోర్డులు, ఒక గ్లోబు ఆటస్థలంలో ఉన్నాయి. టీచర్ వద్దు వద్దని వెనకాలే పరిగెత్తింది. అంత గోలలో ఆమె మాట ఎవరికీ అందలేదు.

సరిగ్గా అప్పుడే కమిటీ కారు గేటులోంచి లోపలికి వచ్చింది.

ముగ్గురు దిగారు. అందులో పెద్దాయన చేతికర్ర పట్టుకుని బెంచీల వంకా, చెట్టు కింద గ్లోబు వంకా చూస్తూ నిలబడిపోయారు. గోడ జరిగిందని చెప్తే స్కూలు పరువు పోతుంది. ప్రిన్సిపల్ నవ్వుతూ ఎదురెళ్లారు.

"ఈ ఏడాది నుంచి పాఠాలన్నీ ఆరుబయటే పెట్టాలనుకుంటున్నాం సార్. కొత్త పద్ధతి."

"మరి ఎండ?" అన్నారు పెద్దాయన.

"అది కూడా పద్ధతిలో భాగమే సార్."

కమిటీలో ఒకామె ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో కనబడలేదు కానీ చాలాసేపు రాసింది.

పదకొండయింది, టీచర్ పాఠం మొదలుపెట్టాలి. గోడలు లేవు, గోల మాత్రం ఉంది. ఆమె ఒకసారి నాలుగువైపులా చూసి, పిల్లల్ని బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గరికి తీసుకెళ్లింది. కోర్టు గీతలు కలిసే మూలలో ఎర్ర బాణం, నీలం బాణం పరిచింది. పసుపుపచ్చది ఐమూలగా లాగించింది. కమిటీ ముగ్గురూ మెడలు చాచి చూశారు. బాణం మళ్లీ జానెడు ముందే ఆగింది.

ఇంకొకరైతే ఆ చివర కాలు పెట్టి కప్పేసేవాళ్లు. నిజానికి ప్రిన్సిపల్ దూరం నుంచి ఆ సైగే చేస్తున్నారు. ఆమె చూడనట్టు పిల్లల వైపు తిరిగింది.

"హాల్లో గోడలు. ఇక్కడ గీతలు. రెండు చోట్లా అదే జానెడు. మరి తప్పు ఎవరిది?"

"గోడలది కాదు మేడమ్" అన్నారు పిల్లలు.

"అయితే?"

"బాణాలది."

"ఎవరే బాణాలది అన్నది?" అని వెనక నుంచి వినబడింది. కొడుకు స్కూటర్ మీద దింపి వెళ్లినట్టున్నాడు, అత్తగారు టేపు మెడలోంచి లాగుతూ కోర్టులోకి నడిచి వస్తున్నారు. ఎవరినీ పలకరించలేదు. కమిటీ పెద్దాయన్ని కాస్త జరగమని, మోకాళ్ల మీద కూర్చుని ఎర్ర బాణం కొలిచారు. నాలుగు మీటర్లు. పిల్లలు కూడా వంగి చూశారు, వెంట్రుక వాసి తేడా లేదు. కాకపోతే ఆవిడ వేలు పట్టీ అయిపోయిన చోట ఆగింది. దాని తరవాత త్రికోణంలా కుట్టిన తల ఇంకా ఉంది.

టీచర్ గొంతు తగ్గించింది. "అత్తయ్యా, మరి తల?"

"తల వేరు. మూడింటికీ విడిగా మూరెడు వేశాను. చొక్కా పొడవు చెప్తే కాలరు కలిపి కొలుస్తారటే ఎక్కడైనా?"

నవ్వింది మొదట కమిటీ పెద్దాయనే. టీచర్ నవ్వలేదు. వెక్టర్ పొడవంటే తోక నుంచి మొన దాకా, తల కూడా అందులోదే అని పిల్లలకి చెప్పింది. తను చీటీ మీద ఆ ముక్క రాయలేదని, తెచ్చాక కొలవనూ లేదని, రెండూ తన తప్పులేనని అదే గొంతుతో చెప్పింది. ప్రిన్సిపల్ కళ్లు మూసుకున్నారు.

అంతలో ముందు వరసలోని ఒకమ్మాయి చెయ్యెత్తింది. మూడు బాణాలకీ తల సమానంగానే పెరిగింది కదా, అన్నీ ఒకేలా పెరిగితే మళ్లీ కలవాలి కదా, మరి ఎందుకు కలవలేదని అడిగింది.

ఆ క్షణం నుంచి టీచర్‌కి కమిటీ ఉన్నట్టు గుర్తులేదు. సుద్దముక్క తీసుకుని కోర్టు నేల మీదే కూర్చుంది. తల నలభై ఐదు సెంటీమీటర్లని టేపు చెప్పింది. పిల్లలు చుట్టూ మూగి, నాలుగూ నలభై ఐదు, మూడూ నలభై ఐదు వర్గాలు కట్టి, కూడి, వర్గమూలం తీశారు. ఐదు మీటర్ల అరవైమూడు వచ్చింది. పసుపుపచ్చ బాణం ఐదూ నలభై ఐదే. తక్కువైంది పద్దెనిమిది సెంటీమీటర్లు. ఆ అమ్మాయి టేపు తీసుకుపోయి నేల మీద ఖాళీని కొలిచింది.

"పద్దెనిమిది" అంది మెల్లగా. పక్కవాళ్లు నమ్మక మళ్లీ కొలిచారు. మళ్లీ పద్దెనిమిదే.

"లెక్క సరే, ఎందుకలా అయిందో చెప్పు" అని అత్తగారు తానే అందుకున్నారు. "చిన్న చొక్కాని పెద్ద సైజు చెయ్యాలంటే అన్నిచోట్లా ఒకే అంగుళం పెంచితే పాడైపోతుంది. మెడకి ఇంత, భుజానికి ఇంత, పొడవుకి ఇంత అని దేని పాళ్లు దానికి ఉంటాయి. అన్నిటికీ సమానంగా మూరెడు వేస్తే ఇక..." అని అక్కడ ఆగిపోయారు. తను ఎవరి పనిని తప్పుపడుతున్నారో అప్పుడు తెలిసింది.

"అదే అత్తయ్యా. నేను పాఠం చివర చెప్పాల్సింది అదే" అంది కోడలు. ఆ గొంతులో వేళాకోళం లేదు. ఆవిడ టేపు చుట్టుకుంటూ, ఆ మాత్రం ఎవరికి తెలియదు అన్నట్టు ఆకాశం వైపు చూశారు.

పాఠం గంటా పావు నడిచింది. ఆపమని ఎవరూ అనలేదు. కమిటీ దగ్గరికి వచ్చినప్పుడు టీచర్ చేతులకి సుద్ద, మోకాళ్లకి మట్టి, మొహంలో రంగు లేదు. ఇంక దాచేదేముందని, గోడ సంగతి కూడా తనే చెప్పేసింది. గోడకి ఏమీ కాలేదని, తన కొలవని బాణాల వల్ల స్కూలంతా ఎండలో కూర్చుందని.

పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి విన్నారు.

"ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చూస్తున్నానమ్మా. ఎప్పుడు చూసినా త్రిభుజం టంచనుగా కలిసేది. పిల్లలు చేతులు కట్టుకుని చూసేవాళ్లు. కలవకపోతే ఏం చెయ్యాలో ఇవాళే చూశాను. మిమ్మల్ని పంపేస్తే మమ్మల్ని కదా అనాలి."

ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద అక్కడే సంతకం చేశారు. కోర్టు దగ్గర బల్ల లేక, బాగుపడని కిటికీ తలుపు పట్టుకుని నిలబడ్డ వడ్రంగి చేత దాన్ని అడ్డంగా పట్టించి దాని మీద పెట్టి చేశారు. కోడలు చదువుకుంటూంటే అత్తగారు పక్కన నిలబడి, మళ్లీ ఇవ్వు, తలలు విప్పి సరిచేసి రేపటికల్లా ఇస్తానని బాణాల కోసం చెయ్యి చాచారు.

అది కుదరలేదు. వచ్చే నెల ఇంకో కమిటీ వస్తోందని, కాబట్టి సదరు మూడు బాణాల్లోని తప్పును ఎవరూ సరిచేయరాదని, ప్రిన్సిపల్ అప్పటికే లిఖితపూర్వకంగా ఉత్తర్వు జారీ చేశారు.