గ్యారంటీ చెవికి వర్తించదు

హనుమకొండలోని ఒక జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద నడుస్తుండగా దామెర స్వరూప కుడి చెవి ఇయర్‌ఫోన్‌తో సహా ఊడి బెల్టు మీద పడింది. బెల్టు దాన్ని వెనక్కి మోసుకుపోయి రబ్బరు చాప మీద వదిలింది. పక్క మిషన్ మీదున్నాయన ఒకసారి చూసి తన వేగం కాస్త పెంచుకున్నాడు. స్వరూప మిషన్ ఆపి దిగి, చెవి ఎక్కడా నలగలేదని చూసుకుని, టవల్‌తో తుడిచి, రిసెప్షన్ బల్ల మీదున్న స్టీలు ట్రేలో పెట్టింది. ఒంటి మీద చెమట ఆరేదాకా ఊడిన చెవి తిరిగి అతుక్కోదు. అందుకని ఇంటికి పోయేటప్పుడు తీసుకుని పెట్టుకోవడం అక్కడి పద్ధతి.

ఈ పరిస్థితి వచ్చి కొన్నేళ్లయింది. మొదట్లో పరిగెత్తేటప్పుడు ఇయర్‌ఫోన్లు ఊడేవి. జనం ఫిర్యాదులు చేశారు. కంపెనీలు వెంటనే స్పందించి రబ్బరు బుడిపెలను మెత్తగా చేశాయి, చెవి మడతలో ఇరుక్కునే రెక్కలు అమర్చాయి, చెవి వెనక నుంచి తిరిగే కొక్కేలు పెట్టాయి. పట్టు ఎంత బాగా కుదిరిందంటే ఇయర్‌ఫోన్లు ఊడటం ఆగిపోయి చెవులు ఊడటం మొదలైంది. దాంతో ఫిర్యాదులు ఆగిపోయాయి. ఇయర్‌ఫోన్ పోగొట్టుకుంటే మళ్లీ కొనుక్కోవాలి. చెవి ఎక్కడికీ పోదు, ఇయర్‌ఫోన్‌కే అంటుకుని ఉంటుంది. నగరపాలక సంస్థ కూడా విషయాన్ని పరిశీలించి, ప్రతి జిమ్‌లోనూ మూత ఉన్న స్టీలు ట్రే ఒకటి, అందులో తడి దూది, తప్పనిసరిగా ఉంచాలని ఆదేశాలిచ్చింది.

స్వరూప నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగి. నల్లా రాలేదనీ, వచ్చినా మురికిగా వచ్చిందనీ జనం చెప్పేది విని, కాలనీ పేరు, ఇంటి నంబరు రాసుకుంటుంది. ఆమె భర్త మొగిలి డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆమెకు షుగరు, అతనికి బీపీ వచ్చాక డాక్టరు ఇద్దరినీ నడవమన్నాడు. జంటగా చేరితే రాయితీ ఉందని ఇద్దరూ ఒకే జిమ్‌లో చేరారు. అక్కడ పెట్టే పాటల హోరుకు తల నొస్తోందని ఇయర్‌ఫోన్లు కొనడానికి చౌరస్తాలోని షాపుకు కూడా కలిసే వెళ్లారు.

షాపాయన వాళ్ల ముందు మూడు సైజుల బుడిపెలు పరిచాడు. "చెమటకు జారొద్దంటే పెద్దది తీస్కోండ్రి అక్కా. చెవి నిండ పడితే బయటి సప్పుడు ఒక్కటి లోపలికి రాదు."

"చెవి ఊడితే?" అని అడిగింది స్వరూప.

"గ్యారంటీ ఇయర్‌ఫోన్‌కే. చెవికి వర్తించదు" అన్నాడతను మర్యాదగా.

బయటి చప్పుడు రాకపోవడం ఇద్దరికీ నచ్చింది. ఒకే రంగువి, ఒకే రకానివి, రెండు జతలు తీసుకున్నారు.

పొరపాటుకు కారణం అదే. స్వరూప చెవి ఊడిన కాసేపటికే, బరువులెత్తుతున్న మొగిలి కుడి చెవి కూడా ఊడింది. రిసెప్షన్‌లో ఉండే ట్రైనర్ షాహీన్ ట్రేలోని చెవులను వాటికున్న ఇయర్‌ఫోన్లను బట్టి గుర్తుపట్టి ఇస్తుంది. చెవిని చూసి ఎవరిదో చెప్పగలిగిన వాళ్లు ఆ జిమ్‌లో ఎవరూ లేరు. ఎవరి చెవిని వాళ్లు కూడా ఎప్పుడూ సరిగా చూసుకోలేదు. నల్ల ఇయర్‌ఫోన్ ఉన్న చెవి ఒకటి స్వరూపకు, నల్ల ఇయర్‌ఫోన్ ఉన్న చెవి ఇంకొకటి మొగిలికి అందింది. ఇద్దరూ పెట్టుకున్నారు. రెండూ చక్కగా అతుక్కున్నాయి.

ఆఫీసుకు తయారవుతూ స్వరూప కమ్మ పెట్టుకోబోతే కుడి చెవికి రంధ్రం పూడుకుపోయి ఉంది. అద్దంలో చూసుకుంటే చెవి అంచున నాలుగు వెంట్రుకలు కనిపించాయి. అప్పటికి మొగిలి వెళ్లిపోయాడు. స్వరూప జిమ్‌కు ఫోన్ చేసింది.

"అయ్యో అక్కా, తప్పయింది" అంది షాహీన్. "గని ఒకసారి అతుక్కున్నంక ఎంటనే పీకొద్దు, పట్టు పోతది. నెల దాంక ఆగాలె. అందాక పనైతే ఆగదు, చెవి చెవే గద."

పని ఆగలేదు కానీ మారింది. చెవికి ఏది అలవాటైతే అది వింటుంది, మిగతాది వదిలేస్తుంది. మొగిలి చెవి ఏళ్ల తరబడి కొత్తగా కారు నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుంది. గేరు మార్చే ముందు వాళ్లు ఊపిరి బిగబట్టడం దానికి బాగా వినిపిస్తుంది. కాలనీల పేర్లు, ఇంటి నంబర్లు మాత్రం దానికి పట్టవు. ఆ రోజు స్వరూప ఫోన్ ఎత్తినప్పుడల్లా మాటకు ముందు ఊపిరే వినిపించింది. మూడో అంతస్తు నుంచి రోజూ ఫోన్ చేసే ముసలావిడ, "నీళ్లు రాలేదు బిడ్డా" అనే ముందు, తిడతారేమోనని భయపడుతూ ఒక్క క్షణం ఆగుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. స్వరూప ట్యాంకర్ పంపించింది. కానీ చిరునామా సరిగా వినిపించక అది పక్క వీధికి పోయింది. ఆ వీధివాళ్లు అడగకుండానే వచ్చిన నీళ్లను సంతోషంగా పట్టుకున్నారు. ముసలావిడ బిందె ఖాళీగానే ఉంది.

మొగిలికి ఇందుకు ఎదురు జరిగింది. నేర్చుకోవడానికి వచ్చిన ఒకాయన ఇంటి నంబరు, వీధి, ఎప్పట్నుంచి నేర్చుకుంటున్నాడన్నది అతనికి స్పష్టంగా వినిపించాయి. ఆయన భయపడటం మాత్రం వినిపించలేదు. కారు వెళ్లి డ్రైవింగ్ స్కూలు బోర్డుకే తగిలింది.

సాయంత్రం ఇంట్లో అన్నం వడ్డిస్తూ స్వరూప, "బియ్యం అయిపోయినయ్, తెమ్మని పొద్దున చెప్పిన" అంది. అని, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎడమ చెవికి తన గొంతు వినిపించింది. కుడి చెవికి కుక్కర్ కూత, ఫ్యాన్ గరగర, పక్కింటి టీవీ, అన్నీ వినిపించాయి. తన గొంతు ఒక్కటే లేదు. గట్టిగా దగ్గింది. దగ్గు వినిపించింది. మళ్లీ మాట్లాడింది. మాట లేదు.

"ఏమయ్యా" అంది. "నీ చెవిల నా గొంతు లేదు."

మొగిలి ముద్ద పళ్లెంలో పెట్టాడు. "నీ చెవిల నాదీ లేదు. కారు అద్దంల కమ్మ రంధ్రం జూసి నీదేనని ఎరుకవట్టిన. పొద్దటి సంది చూస్తున్న."

"మరి ఫోన్ జేసి చెప్పలేదేంది?"

"నువ్వు ఇంటవనుకోలే."

కోపం రావలసిన సందర్భమే. కానీ ఎవరి చెవి తప్పు చేసిందో ఆ చెవి ఎదుటివాళ్ల తలకు ఉంది కాబట్టి, ఎవరి మీద కోపపడాలో తేలలేదు. పైగా ఇద్దరికీ ఇంకొక సంగతి తెలిసివచ్చింది. స్వరూప మాటకు అలవాటైన చెవి ఇప్పుడు మొగిలికి ఉంది. మొగిలి మాటకు అలవాటైన చెవి స్వరూపకు ఉంది. చాలా ఏళ్ల తర్వాత, ఒకరు చెప్పేది ఇంకొకరికి ముక్క పోకుండా వినిపిస్తోంది. అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని అతను అన్నాడు. అతను ఆ మాట ఇదివరకు కూడా అంటూనే ఉన్నాడని ఆమెకు తెలియదు.

కానీ ఇది నెల వరకే. చెవులు అలాగే ఉంచేసుకుంటే ట్యాంకర్లు తప్పుడు వీధులకు పోతాయి, కార్లు బోర్డులకు తగులుతాయి, ఇద్దరి బతుకుతెరువూ పోతుంది. తిరిగి ఇచ్చేసుకుంటే మళ్లీ ఎప్పటిలాగే ఎవరికీ ఎవరూ వినిపించరు. ఇద్దరూ మర్నాడు షాహీన్‌ను అడిగారు. ఆమెకు ఇది కొత్త సమస్యేమీ కాదు.

"చెవి గూడ కండనే అక్కా. పని జెప్పకపోతే సన్నవడ్తది. నీ గొంతు ఫోన్ల రికార్డు జేస్కొని, నడుస్తున్నంత సేపు నీకున్న ఆయన చెవికి నువ్వే ఇనిపియ్యి. తనకున్న నీ చెవికి ఆయన ఇనిపిస్తడు. నెల తర్వాత ఎవలది వాళ్లకు వెడ్దాం."

"సౌండు ఎంత పెట్టాలె?" అని అడిగాడు మొగిలి.

"తక్కువ. గట్టిగ పెడితే చెవి ఇంకింత ముడుసుకుంటది. ఇంట్ల అరిస్తే ఇంటున్నరా ఎవరన్నా? గట్లనే. ఇంకోటి, ఆ పెద్ద బుడిపెలు తీసేయుండ్రి. చిన్నయి పెడితే సందు ఉంటది, లోపలికి గాలి, బయటి సప్పుడు రెండూ వస్తయ్. చెమట తుడుసుకుంట నడిస్తే అయి కూడ జారవు."

బుడిపెలు మార్చుకున్నారు. మొదటిరోజు స్వరూపకు ఏం రికార్డు చేయాలో తోచలేదు. ఫోన్ ముందు కూర్చుని కాలనీల పేర్లు చదివింది. ట్రెడ్‌మిల్ మీద వాటినే పెట్టుకుంది. కుడి చెవిలో నిశ్శబ్దం. తర్వాత ఆ రోజు చేసిన వంటలు చెప్పింది. నిశ్శబ్దం. ఏళ్లుగా అతనికి చెప్పినవన్నీ, అతను ఊఁ అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. అక్కతో మాటలు ఎందుకు ఆగిపోయాయో చెప్పింది. ఫ్లైఓవర్ మీద స్కూటీ నడపాలంటే కాళ్లు వణుకుతాయని చెప్పింది. చివరికొక రోజు, ఎవరూ వినడం లేదన్న ధైర్యంతో, చాలా చిన్న గొంతుతో ఒక మాట రికార్డు చేసింది.

"ఊరందరికి నేర్పిస్తవు. నాకు గూడ కారు నేర్పియ్యి."

మర్నాడు నడుస్తుంటే ఆ మాట కుడి చెవికి వినిపించింది. బావిలోంచి వచ్చినట్టు, సన్నగా, కానీ వినిపించింది. స్వరూప మిషన్ ఆపేసి, పిడి పట్టుకుని, తన గొంతును తనే కాసేపు విన్నది. నాలుగు మిషన్ల అవతల మొగిలి కూడా ఆగిపోయి నిలబడి ఉన్నాడు. అతను ఏం రికార్డు చేసుకున్నాడో ఆమె అడగలేదు. అతని ముఖం మీద ఉన్నది చెమటేనని అక్కడున్న వాళ్లందరూ అనుకున్నారు.

నెల గడిచాక ఒకరోజు బాగా చెమట పట్టేదాకా నడిచి, షాహీన్ సమక్షంలో చెవులు ఊడదీసుకుని, ఈసారి తిప్పి తిప్పి చూసి ఎవరివి వాళ్లు పెట్టుకున్నారు. ముసలావిడ బిందె నిండింది. బోర్డుకు రంగు వేయించారు. ఆ ఆదివారం మొగిలి కారు తాళం తెచ్చి బల్ల మీద పెట్టి, "పా, మైదానం కాడికి పోదాం" అన్నాడు. ఆమె రికార్డు చేసిన ఆ మాటను అతని చెవి తనతోపాటే తీసుకుపోయింది.

కారెక్కాకే ఇబ్బంది బయటపడింది. నేర్చుకునేవాళ్లు కుడి సీట్లో, నేర్పేవాళ్లు ఎడమ సీట్లో కూర్చుంటారు. మొగిలి కుడి చెవి ఆమె వైపు ఉంది కాబట్టి ఆమె అన్నవన్నీ అతనికి వినిపిస్తున్నాయి. అతని వైపున్నది ఆమె ఎడమ చెవి. దానికి ఎవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు. కుడి చెవి కిటికీ వైపు ఉంది, అక్కడ మైదానం పక్క రోడ్డు మీది బస్సుల మోత. అతను క్లచ్ అన్నాడు, మెల్లగ అన్నాడు. ఆమెకు ఏదీ చేరలేదు. భయమేస్తోందని ఆమె అంది. అతనికి ఆ మాటా వినిపించింది, ఆ మాటకు ముందు ఆమె బిగబట్టిన ఊపిరీ వినిపించింది. అతను ఇక ఏమీ చెప్పకుండా చెయ్యి చాపి, స్టీరింగ్ మీద ఆమె చేతి పక్కన పెట్టాడు. కారు నడిచింది.

ఎడమ చెవుల మార్పిడికి పేరు రాయించారు కానీ ఇప్పట్లో వంతు రాదని షాహీన్ చెప్పింది. జిమ్‌లో సగం మంది భార్యాభర్తలు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక అత్తాకోడలు ముందున్నారు. అందాకా స్వరూప తనదైన పద్ధతి ఒకటి కనిపెట్టింది. మొగిలి పెదవులు కదిలినప్పుడల్లా ఇండికేటర్ వేసి, కారు పక్కకు తీసి ఆపి, మొత్తం మనిషి అతని వైపు తిరిగి కుడి చెవి ముందుకు పెట్టి, "ఇప్పుడు చెప్పు" అంటుంది. అతను చెబుతాడు. పూర్తిగా విని మళ్లీ బండి తీస్తుంది.

ఈ మధ్య నగరంలో రోడ్ల పక్కన ఇలా ఆగి ఉండే కార్లు ఎక్కువయ్యాయి. ట్రాఫిక్ పోలీసులు మొదట చలాన్లు రాశారు. తర్వాత మానేశారు. ఇప్పుడు ప్రధాన రహదారుల వెంట కొంత చోటు కేటాయించి పసుపు గీతలు గీశారు. ఆ గీతల మధ్య ఎంతసేపైనా ఆపుకోవచ్చు, హారన్ కొట్టకూడదు. పొద్దున్నే అటుగా వెళ్తే, ఇంజన్లు ఆపిన కార్లలో ఒకరివైపు ఒకరు మెడ తిప్పుకుని కూర్చున్నవాళ్లు వరసగా కనిపిస్తారు. ఆఫీసులకు అందరూ కాస్త ఆలస్యంగానే చేరుతున్నారు.