ఒకే మూతి పథకం

ఒక పెద్ద అడవిలో ఏ బొరియ ఎవరిదో అడగాల్సిన ఖర్మ ఎవరికీ ఉండేది కాదు. ఎలుకది ఇరుకు మూతి, నక్కది వెడల్పు, ముళ్ళపందిది వంకర. కుందేలు చెంగమ్మ కళ్ళు మూసుకుని వచ్చినా తన పిల్లల దగ్గరికే చేరేది. బాగున్నదాన్ని బాగుండనిస్తే ఇక పంచాయతీ ఎందుకు?

పంచాయతీ సెక్రటరీ నక్క గురవయ్య అందరి ఖర్చుతో పట్నం వెళ్ళి, కంప్యూటర్లు చూసి వచ్చాడు.

"అబ్బబ్బ, ఏం తెలివండీ మనుషులది! ఛార్జింగుకీ, తెరకీ, అన్నిటికీ ఒకే రకం పోర్టు. ఏ వైరైనా దూరిపోతుంది!"

తాను కంప్యూటర్లు చూసిన ఆఫీసులో ఒక గుమాస్తా అదే పోర్టులో వైరు మీద వైరు గుచ్చి, అన్నీ దూరినా తెర మీద బొమ్మ రాక తల బాదుకోవడం కూడా చూశాడు. అదీ పనిలో భాగమే అనుకున్నాడు, మహానుభావుడు.

"మనమూ బొరియలన్నిటికీ ఒకే మూతి పెడదాం," అన్నాడు. జన్మలో బొరియలో అడుగుపెట్టని ప్రెసిడెంటు పులి వెంటనే "శభాష్" అన్నాడు. సభ్యులంతా తలలూపారు.

చెంగమ్మ లేచింది. "అయ్యా, మూతి మారుస్తారు సరే. లోపల ఎవరి కొలత వాళ్ళదేగా?"

"లోపలి సంగతి మా శాఖ కాదమ్మా, కూర్చో."

బొరియలన్నీ ఒకేలా, ఎర్రమట్టి పూసుకుని గుండ్రంగా తయారయ్యాయి. మొదటిరోజే చెంగమ్మ ముళ్ళపంది ఇంట్లో దూరి, ఒళ్ళంతా ముళ్ళతో బయటపడింది.

"నీ తప్పేం లేదులే వదినా," అన్నాడు ముళ్ళపంది, పాపం సిగ్గుపడుతూ.

గుర్తుకని చెంగమ్మ తన గుమ్మంలో గడ్డిపరక గుచ్చి పెట్టుకుంటే గురవయ్య పీకి పారేశాడు. "అందరూ సమానమంటుంటే నీకొక్కదానికే ప్రత్యేకమా?" చెంగమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో ఓ రోజు రేచుకుక్కలు వచ్చిపడ్డాయి. మేతకెళ్ళిన చెంగమ్మ పరుగున వచ్చింది. ఎటు చూసినా ఎర్ర గుండ్రాలే. పిల్లలు ఎందులో ఉన్నారు? వెనకకాలితో నేలని దబదబా కొట్టింది, కుందేళ్ళ పద్ధతి అది. ఒక మూతిలోంచి సన్నగా జవాబు దరువు వినిపించింది. "వస్తున్నా నాన్నా!" అంటూ దూరిపోయింది.

గురవయ్యకి ఆ విద్య లేదు. తన ఇల్లేదో ఆయనకే తెలియలేదు. దొరికిన మూతిలో తల పెట్టాడు. తల పట్టింది, లోపలి ఇరుకులో ఒళ్ళు పట్టలేదు.

"బాబోయ్! ఎవరి కొంపరా ఇది?"

"మాదే సార్. మూతి మాత్రం మీరు పెట్టించిందే," అంది లోపలినుంచి ఎలుక.

గింజుకుని నడుం దాకా దూరాడు గానీ, బయట మిగిలిన తోకని కుక్కలు కొరుక్కుపోయాయి.

మర్నాడు విచారణ. మొండితోకతో గురవయ్యే నివేదిక చదివాడు. "తల సాఫీగా దూరింది, కనుక పథకం జయప్రదం. దూరని ఒళ్ళు నిబంధనలకు విరుద్ధం." పులి మళ్ళీ శభాష్ అన్నాడు. అనుమతి లేకుండా నేల కొట్టినందుకు చెంగమ్మకి నోటీసు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకి నమలడానికి ఇచ్చింది.

నీతి: సర్కారు పెట్టిన కన్నంలో ఎప్పుడూ లోపం ఉండదు, దూరినవాడి ఒంట్లోనే ఉంటుంది.