తాళానికి మంత్రిగారి పేరు

వంద రోజుల్లో ఒడిశా నుంచి పదివేలమంది హ్యాకర్లు బయల్దేరతారని మంత్రి కైవల్య మర్దరాజ్‌గారు భువనేశ్వర్‌లో ప్రకటించారు. వాళ్ళు దొంగలు కారనీ, ప్రోగ్రాముల్లో ఉన్న కంతల్ని దొంగలకంటే ముందే కనిపెట్టేవాళ్ళనీ పక్కనున్న అధికారి చెవిలో చెబితే, చప్పట్లు ఆగాక అదీ ప్రకటించారు. అంతమందికీ చదువుకోవడానికి పాఠాలు కావాలి గనక, అవి ఎక్కడ దొరుకుతాయో వెతకమని కమిటీ వేశారు.

కమిటీకి అధ్యక్షుడిగా చేపల శాఖ నుంచి శశధర్ పాఢిగారిని తెచ్చారు. ఆయనకు కంప్యూటరు రాదు కాబట్టి పక్షపాతం ఉండదని ఉత్తర్వులో రాశారు. "నేనున్నన్నాళ్ళూ చేపలు తగ్గాయి. హ్యాకర్లు కూడా తగ్గుతారని వేసుంటారు," అన్నారు పాఢిగారే.

ఆయన రిటైర్మెంటు దగ్గరకొచ్చింది. పాఠాలు దొరికితే ఇంకో ఏడాది ఉంచుతామన్నారు. ఆ ఏడాది ఆయనకు కావాలి. ఇంట్లో ఆయన పిలిస్తే కుక్క కూడా తల తిప్పదు. ఆఫీసులో బెల్లు కొడితే ఎవరో ఒకరు వస్తారు.

కమిటీలో కంప్యూటరు తెలిసిన మనిషి మధుస్మితా ఖుంటియా ఒక్కతే. కాంట్రాక్టు ఉద్యోగి. మొదటి మీటింగులో ఆ అమ్మాయి, "కంత ఎక్కడుందో చూసి, అందులోంచి లోపలికి దూరడమే సార్ ఈ విద్య," అని చెప్పింది.

"నేను సర్వీసులోకి వచ్చిందీ అలాగేనమ్మా. దీనికి పాఠాలెందుకు?" అన్నారు పాఢిగారు. ఈ మాట మినిట్సులో రాయలేదు.

వెతకడం మొదలైంది. ఆఫీసు ఇంటర్నెట్టు హ్యాక్ అన్న మాటున్న ఏ పేజీనీ తెరవనివ్వదు. అనుమతి అడిగితే, ఆ పేజీలో ప్రమాదం లేదని ముందు చూసి రాసివ్వమన్నారు. చూడాలంటే తెరవాలి. ఇంట్లో చూసొస్తానని మధుస్మిత అంటే, ప్రభుత్వ రహస్యం ఇంటికెలా పట్టుకెళతావని ఉద్యానశాఖ సభ్యుడు అడ్డుపడ్డాడు. చివరికి టెండరు పిలిచారు. అట్టపెట్టెల నిండా పుస్తకాలొచ్చాయి. అన్నీ టైపు నేర్చుకునేవే.

ఈలోగా పాఠాలు పెట్టాల్సిన సైటు మాత్రం తయారైంది. మంత్రిగారి ఫోటో, కింద 'త్వరలో' అన్న మాట. పాస్‌వర్డు మంత్రిగారి పేరే. ఎవరైనా ఊహిస్తారు, మార్చాలని మధుస్మిత ఫైలు పెట్టింది. మంత్రిగారి పేరు తీసేయండని ఎవరు రాస్తారు? ఎవరూ సంతకం పెట్టలేదు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే మధుస్మిత పరుగెత్తుకొచ్చింది. సైటులోకి ఎవరో దూరారు. 'త్వరలో' పోయింది. దాని చోట పాఠాలున్నాయి. ముందు సి భాష నేర్చుకో. తర్వాత మెమరీలో ఏది ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకో. సాధనకని కావాలనే కంతలు పెట్టి రాసిన ప్రోగ్రాములు దొరుకుతాయి, నీ మిషను మీదే పెట్టుకుని విప్పి చూడు. పాత కంతల్ని ఎవరెలా పట్టుకున్నారో రాసినవి చదువు. ఏది ఎక్కడ ఉచితంగా దొరుకుతుందో కూడా ఉంది. అడుగున ఇంకో మాట: 'మీ తాళం మొదటిసారికే వచ్చేసింది. మార్చుకోండి. బిజయినీ సామల్, కాలేజీ లెక్చరర్, బరంపురం.' ఫోన్ నంబరు.

"పాఠాలు ఎలా ఉన్నాయమ్మా?" అనడిగారు పాఢిగారు.

"కాలేజీలో ఉన్నప్పుడు ఇవి దొరికుంటే, నేనిక్కడ ఉండేదాన్ని కాదు సార్."

"అయితే అడుగున రాసింది తీసెయ్. మిగతాది కమిటీ శ్రమ."

మంత్రిగారు మీట నొక్కారు. పేపర్లలో పాఢిగారి ఫోటో పడింది. ఏడాది పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. పాఠాల రెండో భాగం నెలలోగా రావాలనీ, రాకపోతే పొడిగింపు రద్దనీ అందులోనే ఉంది.

పాఢిగారు బరంపురానికి ఫోన్ చేశారు. మీ పాఠాలు మంత్రిగారికి నచ్చాయని చెప్పారు.

"నా పేరు తీసేశారు, పోనివ్వండి," అందావిడ. "తాళం మార్చలేదేం సార్?"

"రెండో భాగం రావాలి గదమ్మా. తలుపు తీసే ఉంచాం. ఎప్పుడొస్తారు?"

ఆవిడ ఆ రోజు దూరింది కంత చూపించడానికనీ, ఇకముందు దూరననీ చెప్పింది. "పద్ధతిగా పిలవండి, వచ్చి కూర్చుని రాస్తాను. నా పేరు పెట్టాలి."

"పేరు పెడితే మొదటిది ఎవరిదని అడుగుతారమ్మా."

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"చూశావా నా బతుకు," అన్నారు పాఢిగారు మధుస్మితతో. "దొంగతనానికి రమ్మని పిలిచినా మర్యాదస్థులెవరూ మనింటికి రావట్లేదు."

పాస్‌వర్డు మార్చే ఫైలు మళ్ళీ ఆయన బల్ల మీదికొచ్చింది. ఆయన దాన్ని టైపు పుస్తకాల కింద పెట్టించారు. అప్పట్నుంచి రోజూ ఆఫీసుకు రాగానే సైటు తెరిపించి, ఎవరైనా వచ్చారేమోనని చూసేవారు.

గడువు ముగిసేలోపే ఎవరో వచ్చారు. రెండో భాగం పెట్టి వెళ్ళారు. జుట్టు ఊడకుండా కాపాడే ఒక నూనె గురించి, వాడిన వాళ్ళ ఫోటోలతో సహా వివరంగా ఉంది.

పాఢిగారు దాన్ని ప్రింటు తీయించి రెండుసార్లు చదివారు. 'భాష సరళంగా ఉంది. విద్యార్థులకు ఉపయోగకరం' అని పైన రాసి, ఆమోదం కోసం మంత్రిగారికి పంపారు.